ముఖలింగాన్ని ఏటితో కలిపి చూడాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం గురించి వచ్చిన వ్యాసం చదివాను. విశాఖపట్నం సంచికలో వంశధార ఒడ్డున ఉన్న ఆ పెద్ద ఊరికి ఒక నిండు పేజీ దక్కడం సంతోషమే. అయితే ఆ పేజీలో మధుకేశ్వరాలయం శిఖరం ఉంది, పూజా వేళలున్నాయి, శివరాత్రి నాటి రద్దీ ఉంది గాని ఊరు లేదు, ఏరు అసలే లేదు. దానికి తోడు రెండు పొరపాట్లు దొర్లాయి. మధుకేశ్వరాలయాన్ని గాంగ రాజు అనంతవర్మ చోడగంగదేవుడు కట్టించాడన్నది మొదటిది. కళింగను ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అంటే సముద్రపు ఒడ్డున ఉన్న నేటి కళింగపట్నమేనన్నది రెండవది. వీటిని సరిదిద్దడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తూ ఉండగా చెప్పవలసింది అంతకంటె పెద్దదిగా తోచింది గనుక ఉత్తరం కాస్త పొడుగైతే మన్నించగలరు.

నేను పుట్టి పెరిగిందీ, పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిందీ విశాఖలోనే. మా అమ్మ పుట్టిల్లు మాత్రం ముఖలింగానికి ఆనుకుని ఉన్న పల్లె. చిన్నతనంలో వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి. మా మేనమామకు ముఖలింగం పక్కనున్న నగరికటకం వైపు ఎకరంన్నర మెట్ట భూమి ఉండేది. తొలకరికి దుక్కి దున్నితే నాగలి కర్రుకు ఇటుకలు తగిలేవి. ఇప్పటి ఇటుకల వంటివి కావవి. జానెడున్నర పొడుగు, నాలుగు వేళ్ళ మందం, ఎత్తితే చేయి గుంజే బరువు. మామయ్య వాటిని ఏరి గట్టు మీద పేర్చి, నాలుగు బళ్ళయ్యాక ఇంటికి తోలించి పశువుల శాలలో పరిపించాడు. 'రాజుల ఇటికెలురా ఇవి, ఎద్దులు కాలు జారవు' అనేవాడు. రాజులెవరని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బళ్ళో మాకు చెప్పిన చరిత్రలో శాతవాహనులున్నారు, కాకతీయులున్నారు, ఆ ఇటుకల రాజులు మాత్రం లేరు.

ఇక పొరపాట్ల సంగతి. చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడై దాదాపు డెబ్బై ఏళ్ళు ఏలినవాడు, పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నవాడు. కనుక గాంగుల గుడి ఏది కనబడినా ఆయన ఖాతాలో వేయడం మనకు అలవాటైపోయింది. కాని మధుకేశ్వరాలయం విషయంలో సాక్ష్యం చెప్పింది ఆయనే. శాలివాహన శకం 1040లో, అంటే 1118 ప్రాంతంలో, ఆయన వేయించిన తామ్రశాసనం ఒకటుంది. అందులోని వంశావళిలో, తన పూర్వికుడైన కామార్ణవుడు నగరమనే పేరుగల పురాన్ని రాజధానిగా చేసుకున్నాడనీ, మధూక వృక్షం నుంచి వెలసిన లింగరూపుడైన శివునికి అక్కడ ఎత్తయిన ఆలయం కట్టించి మధుకేశుడని పేరు పెట్టాడనీ ఉంది. వంశావళుల్లో పురాణమూ చరిత్రా కలగలిసి ఉంటాయన్నది నిజమే. అయినా తానే కట్టించిన గుడిని తాతల పేరిట రాసుకునే రాజు ఎక్కడా ఉండడు. శిల్పరీతిని బట్టి చూసినా ఈ గుడి చోడగంగునికి ఒకటి రెండు శతాబ్దాలైనా ముందుదన్నది పండితుల మాట. విశాఖ పాఠకులు గమనించవలసిన విశేషం మరొకటుంది. పైన చెప్పిన తామ్రశాసనాన్ని చరిత్రకారులు పిలిచే పేరు విశాఖపట్నం శాసనం. ముఖలింగం పుట్టుక కథ మన ఊరి పేరు మోస్తున్న రాగిరేకుల మీద ఉండగా, మన ఊరి పత్రికలో దానికి వేరే కథ రావడం నా మనసుకు కష్టంగా తోచింది.

మధూకమంటే ఇప్పచెట్టు. స్థలపురాణం కూడా ఈ చెట్టు చుట్టూనే తిరుగుతుంది. శాపవశాన గంధర్వులు శబరులై పుట్టారట. వారి నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇప్పపూల పంపకంలో సవతుల మధ్య తగవు వచ్చి, కోపం పట్టలేక అతడు చెట్టును నరికితే, మొదలులో నుంచి శివుడు ముఖం చూపాడట. మా అమ్మమ్మ ఈ కథ చెప్పేటప్పుడు సవతుల తగవు దగ్గరే ఎక్కువసేపు ఆగేది. కథ మాట ఎలా ఉన్నా, అందులో ఒక భౌగోళిక సత్యం ఉంది. ఇప్పచెట్టు కొండవాలు చెట్టు, శబరులనబడే సవరలు కొండల మీది జనం. అడవి పొలిమేరా పల్లపు సాగుభూమీ ఒకదాన్నొకటి తాకే చోట వెలసిన దేవుడు కనుకనే ఆయనకు కొండవారి చెట్టు పేరు వచ్చింది, పల్లపు రాజుల గుడి దక్కింది.

రెండవ పొరపాటుకు జవాబు కూడా ఈ నేల తీరులోనే దొరుకుతుంది. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, దాదాపు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతంలో హెచ్చు భాగం ఒడిశాలోనే ఉంది. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే మహేంద్రతనయ హిరమండలానికి ఎగువన ఇందులో కలుస్తుంది. అక్కడి గొట్టా బ్యారేజీ దాటి దాదాపు పది కిలోమీటర్ల దిగువన, ఎడమ గట్టున ముఖలింగం ఉంది. కొండలు వెనకబడి ఏరు ఒళ్ళు విరుచుకునేది ఇక్కడే. పైనుంచి తెచ్చిన ఒండ్రునంతా రెండు పక్కలా పరుస్తుంది కనుక వరికి కరువుండదు. ఎగువకు వెళితే మహేంద్రతనయ లోయ గుండా పర్లాకిమిడికీ, మహేంద్రగిరికీ దారి. దిగువకు వెళితే ముప్పై నలభై కిలోమీటర్లలో సముద్రం, ఓడరేవు. తూర్పు గాంగుల కులదైవం మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి. దేవుడు కొండ మీద, రేవు సముద్రం మీద, తిండిగింజలు నడుమ ఉన్న నేల మీద ఉండగా, రాజధానికి ఈ నడిమి చోటు కంటె అనువైనది మరొకటి కనబడదు. సముద్రపు ఒడ్డునే కూర్చుంటే ఓడలు కనబడతాయి గాని కొండ దారి చేతిలో ఉండదు.

కళింగనగరం ఎక్కడన్న చర్చ పందొమ్మిదో శతాబ్దంలోనే జరిగింది. అప్పుడు కూడా, పేరులోని పోలిక చూసి కళింగపట్నమే అన్నవారున్నారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదివి, ముఖలింగమూ పక్కనున్న నగరికటకమూ కలిసిందే కళింగనగరమని వాదించి నిలబెట్టినవాడు గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాషా ఉద్యమకారుడిగా, సవర భాషకు వ్యాకరణం రాసినవాడిగా ఆయన అందరికీ తెలుసు. శాసనాలు చదివిన గిడుగును మాత్రం మనం దాదాపు మరిచిపోయాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, పాత లిపులను ఎవరి దగ్గరా నేర్వకుండా పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా నేర్చుకున్నాడు. గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి, భారత ప్రభుత్వం వెలువరించే శాసన సంపుటాల్లో ప్రకటించాడు. వంశధార దిగువన శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల ఆనవాళ్ళను 1919లో మొదట లోకం దృష్టికి తెచ్చిందీ ఆయనే. ఇంత పని చేసిన మనిషి పుట్టింది ముఖలింగానికి దగ్గరలోనే, పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. తండ్రి ఉద్యోగరీత్యా చోడవరం వచ్చి చనిపోయాక, పిల్లవాడు బంధువుల ఇంట ఉండి హైస్కూలు చదువు సాగించింది మన విశాఖపట్నంలో. ఆగస్టు 29 వస్తే తెలుగు భాషా దినోత్సవమని సభలు జరుపుకుంటాం, పూలదండలు వేస్తాం. ఆ సభల్లో వాడుకభాష గురించి ఉపన్యసించే పెద్దలు గ్రాంథికంలో మాట్లాడడం కూడా నేను విన్నాను. కళింగనగరం మాట మాత్రం ఏ సభలోనూ వినలేదు.

ముఖలింగం శాసనాలు పెద్ద సంఖ్యలో దక్షిణ భారత శాసనాల 5వ సంపుటంలో అచ్చయ్యాయి. సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉన్న ఆ శాసనాలను చదివితే అక్కడున్నది ఒక గుడి ఒక్కటే కాదనీ, జనంతో కిటకిటలాడిన ఒక పట్నమనీ తెలుస్తుంది. అఖండదీపం వెలిగించడానికి ఒకరు మాడలనే బంగారు నాణేలిస్తారు, మరొకరు నేతి కోసం పశువులనిస్తారు. రాజోద్యోగులు, వారి ఇంటి ఆడవారు, వ్యాపారులు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు తమ పేరు, తమ ఊరు చెక్కించుకుంటారు. దీపానికి నెయ్యి కావాలంటే ఆవులు, వాటికి మేత బీళ్ళు, మేపడానికి మనుషులు, లెక్క చూడడానికి కరణం ఉండాలి. ఒక్కొక్క దీపం వెనక ఒక్కొక్క వీధి కదులుతూ కనబడుతుంది. ఆ వీధులన్నీ ఎక్కడున్నాయి? గుళ్ళు రాతివి గనుక నిలిచాయి. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, ఊరి మొదట్లో ఒంటరిగా నిలబడిన సోమేశ్వరుడు, ఈ ముగ్గురి ఆలయాలూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మనుషుల ఇళ్ళు ఇటుకవీ మట్టివీ కనుక మా మామయ్య మెట్ట చేనులోనూ, ఊళ్ళో వాళ్ళ పెరళ్ళ కిందా ఉండిపోయాయి.

చోడగంగుడు ఉత్కళాన్ని, అంటే ఒడిశా ప్రాంతాన్ని గెలిచాక రాజ్యం గంగ నుంచి గోదావరి దాకా సాగింది. 12వ శతాబ్దంలో రాజధాని ఒడిశాలోని కటకానికి (నేటి కటక్) తరలిపోయింది. అంత పొడుగు రాజ్యానికి వంశధార గట్టు ఒక మూలకు పడిపోయిందన్నది స్పష్టమే. రాజధాని పోయినా గాంగుల ముద్ర ఈ తీరమంతా నిలిచింది. మన సింహాచలంలో ఇవాళ చూసే ప్రధానాలయం రూపుదిద్దుకున్నది గాంగ నరసింహదేవుడి చలవ వల్లనే, కోణార్క కట్టించినవాడూ ఆయనే. సింహాచలం మెట్టు మీద కాలు పెట్టే విశాఖవాసి, తెలిసినా తెలియకున్నా, ముఖలింగం వీధుల్లో బయలుదేరిన ఒక వంశం గడపలోనే అడుగు పెడుతున్నాడు.

ముఖలింగం ఏ జిల్లాదన్న ప్రశ్నతో నాకు స్వయంగా పని పడింది కనుక ఆ సంగతి కూడా రాస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వంశధార పొంగి తగ్గిన తరవాత, బంధువులను పలకరించడానికి వెళ్ళాను. వరద తీసిన ఏటిగట్టు ఒకచోట నిలువునా కోసుకుపోయి, గోడలా నిలబడి ఉంది. పైన రెండు మూరల ఒండ్రు, దాని కింద బొగ్గు నలుపు తిరిగిన సన్నని పొర, ఆ కింద కుండపెంకులు దంతాల్లా బయటికి పొడుచుకుని వచ్చి కనబడ్డాయి. నేను చూస్తూ ఉండగానే ఒక పెళ్ళ విరిగి నీళ్ళలో పడింది. ఎర్రగా కలిసి, మరు నిమిషంలో కొట్టుకుపోయింది. తిరిగి వచ్చాక ఆ చోటుకు ఫొటోలు తీయించి, అర్జీ రాసి, ఇక్కడి ఒక కార్యాలయంలో ఇచ్చాను. అక్కడి ఉద్యోగి ఓపికగానే చదివి, 'మాస్టారూ, ఇది మన జిల్లా కాదు గదా' అని కాగితం తిరిగి నా చేతిలో పెట్టారు. ఆయన తప్పేమీ లేదు, కుర్చీకి హద్దులుంటాయి. పెద్ద కార్యాలయమని ఇక్కడికి తెచ్చిన పొరపాటు నాదే. కాని మెట్లు దిగుతూ నవ్వు వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా అటు వెళ్ళినప్పుడు, ఈ వంశధార తీరం మదరాసు రాష్ట్రంలోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టే దాకా, పద్నాలుగేళ్ళు, కళింగనగరం మన జిల్లాలోని ఊరే. ఆ లెక్కన మా అమ్మ పుట్టింది గంజాంలో, పెళ్ళాడింది విశాఖపట్నం జిల్లాలో, పుట్టింటికి పండక్కి వెళ్ళింది శ్రీకాకుళం జిల్లాకు. ఇల్లు మాత్రం కదల్లేదు.

వంశధార పేరు పత్రికల్లో రాని వారం ఉండదు. ఎన్ని టీఎంసీలు, నేరడి దగ్గర బ్యారేజీ ఎప్పుడు, 2017 సెప్టెంబరులో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ఏమైంది, ఇవన్నీ రైతు బతుకుతో ముడిపడినవే. నేను కాదనను. 1980 సెప్టెంబరు వరద చూసినవాళ్ళకు కరకట్టలెందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే గట్టు మీద మట్టి తవ్వి గట్టే ఎత్తు చేసే పనుల్లో, ఇసుక ర్యాంపుకు బాట వేసే పనుల్లో, ఆ మట్టిలో ఏముందో ఎవరూ చూడడం లేదు. మూడు గుళ్ళ ప్రహరీ లోపల ఒక రాయి కదిపితే అనుమతి కావాలి. ప్రహరీ దాటి, రక్షణ హద్దు కూడా దాటి వెళితే పొక్లెయిన్‌కు ఏ అనుమతీ అడిగేవారు లేరు. నగరం ప్రహరీ లోపలే ఉండేదని ఎవరు నిర్ణయించారు?

అందుచేత మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులనూ, విశాఖలోని విశ్వవిద్యాలయ ఆచార్యులనూ కోరేదేమిటంటే, ముఖలింగం నుంచి నగరికటకం దాకా ఉన్న నేలనూ, దాన్ని ఆనుకున్న ఏటిగట్టునూ ఒక్కసారి కాలినడకన సర్వే చేయించాలి. తవ్వకాలు వెంటనే జరపమనడం లేదు, అందుకు డబ్బూ కాలమూ పడతాయి. ఏ చేనులో ఇటుకలు తేలుతున్నాయి, ఏ గట్టు కోతలో పెంకుల పొర కనబడుతోంది, పాత ఏటిపాయ ఎటు నుంచి ఎటు జరిగింది, ఇవి పటం మీద గుర్తించుకుంటే చాలు. ఎండాకాలంలో, పంటలు తీసి చేలు ఖాళీగా ఉన్నప్పుడు, పది మంది విద్యార్థులతో అయ్యే పని ఇది. పటం ఒకటి చేతిలో ఉంటే, కరకట్టకు మట్టి ఎక్కడ తీయవచ్చో, ఎక్కడ తీయకూడదో ఇంజనీర్లకు కూడా తెలుస్తుంది. నీటిపారుదల వారికీ పురావస్తు శాఖ వారికీ ఒకే కాగితం మీద మాట్లాడుకునే వీలు కలుగుతుంది.

గుడి ముందు కూడా ఒక లోపం ఉంది. రక్షిత కట్టడమని, పాడుచేస్తే శిక్ష తప్పదని చెప్పే నీలం బోర్డు ఉంది. ఇది కళింగనగరమని, ఇక్కడి నుంచి ఒక రాజవంశం కొన్ని వందల ఏళ్ళు ఏలిందని, గిడుగు ఈ గోడలు చదివాడని చెప్పే నాలుగు తెలుగు వాక్యాలు నాకెక్కడా కనబడలేదు. శివరాత్రి తరవాత చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి కూడా వేల మంది వచ్చి వంశధారలో మునుగుతారు కనుక అదే రాత ఒడియాలోనూ ఉండాలి. ఇది ఖర్చుతో కూడిన పని కాదు.

విశాఖలో వీధికి ఒకరైనా సిక్కోలు మనిషి ఉంటారు. నౌకాశ్రయంలో, ఉక్కు కర్మాగారంలో, ఆటో స్టాండులో, బడిలో ఎక్కడ చూసినా వంశధార, నాగావళి నీళ్ళు తాగి పెరిగినవారే. వారిలో చాలామందికి ముఖలింగం అంటే పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించిన గుడి. మా ఇంట్లోనూ అంతే. మీ అనుబంధంలో మళ్ళీ ఎప్పుడైనా ఆ ఊరి గురించి రాయించే పక్షంలో, రాసేవారిని గుడి చూశాక వెనక్కి తిరగకుండా, గట్టు వెంట నగరికటకం దాకా ఒక గంట నడవమని చెప్పండి. మా మేనమామ పోయి చాలా కాలమైంది, పశువుల శాల కూడా లేదు. ఆ ఇటుకలు మాత్రం పెరట్లో నూతి చుట్టూ పరిచి ఉన్నాయి, నాచు పట్టి జారుతున్నాయి. సర్వేకు వచ్చినవారికి అవి ఏ చేనువో చూపించడానికి మామయ్య కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు. ఆ చేను అతడింకా అమ్మలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం